ఎన్ఎఫ్ఎల్ చూడటం నేర్చుకుందాం – 6వ పాఠం: ఓడిన జట్టు లెక్కలు చదవడం

ముందు పోయిన పాఠం చివర్లో అడిగిన ప్రశ్న సంగతి తేల్చేద్దాం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో జట్లు కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్, ఒక్కో వంతు ఒక పిక్. 32 జట్లు, ఏడు రౌండ్లు అంటే 224 పిక్స్ ఉండాలి కదా, మరి 2023 డ్రాఫ్ట్‌లో 259 మందిని ఎలా తీసుకున్నారు? 224కి అదనంగా 37 పిక్స్ కలిశాయి. తమ దగ్గరున్న ఫ్రీ ఏజెంట్లు (ఒప్పందం ముగిసిన ఆటగాళ్లు) వేరే జట్లకు వెళ్లిపోతే, ఆ నష్టానికి పరిహారంగా లీగ్ ఇచ్చేవే వీటిలో ఎక్కువ. దాంతో 261 అయ్యాయి. అందులో రెండు శిక్ష కింద పోయాయి: మయామీ డాల్ఫిన్స్‌ది మొదటి రౌండ్ పిక్, హ్యూస్టన్ టెక్సన్స్‌ది ఐదో రౌండ్ పిక్. ఆ ఏడాది మొదటి రౌండ్‌లో 31 పేర్లే వినపడటానికి కారణం ఇదే.

ఆ రెండో జట్టుతోనే ఇవాళ్టి పాఠం. హ్యూస్టన్‌లోనో, పక్కనున్న కేటీ, షుగర్‌ల్యాండ్‌లలోనో చుట్టాలున్నవాళ్లు మనలో తక్కువేం కాదు కాబట్టి ఎన్ఆర్‌జీ స్టేడియం పేరు వినే ఉంటారు. 2020, 2021, 2022 మూడు సీజన్లలోనూ టెక్సన్స్ నాలుగు మ్యాచ్‌లకు మించి గెలవలేదు. 2023లో పది గెలిచి, తమ డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. మైదానంలో ఏం జరిగిందో చూడటం తేలికే. అంతకుముందు మార్చి నుంచి ఆగస్టు దాకా ఆఫీసులో ఏం జరిగిందో చదవడం ఎలా అన్నదే ఈ పాఠం.

ఒక నోట్‌బుక్ తీసుకుని మూడు పేజీలు విడిగా పెట్టుకోండి. ఒకటి డబ్బుకి, ఒకటి పిక్స్‌కి, ఒకటి మనుషులకి. మార్చిలో వార్తలు వరదలా వస్తాయి. ఫలానా స్టార్ వచ్చాడు, ఫలానావాడు పోయాడు అని రోజంతా హడావుడి. ఏ పేరు రాసుకున్నా పక్కన ఒక తేదీ కూడా రాయండి: ఈ ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, ఈ పిక్ ఏ ఏడాది చేతికొస్తుంది, ఈ పాత బాకీ ఎప్పుడు తీరుతుంది. ఆ తేదీలు ఒకేచోట కలుస్తుంటే జట్టు నిజంగా కొత్తగా కట్టుకుంటున్నట్టు. కలవకపోతే ఎంత పెద్ద పేరొచ్చినా అది టికెట్లు అమ్ముకోవడానికే.

డబ్బు పేజీ

సాలరీ క్యాప్ గురించి 4వ పాఠంలో చెప్పుకున్నాం. ఐపీఎల్ వేలంలో ఉండే పర్సు లాంటిదే, కాకపోతే ఏడాది పొడవునా వర్తిస్తుంది. ఒక్కో జట్టుకి 2022లో 208.2 మిలియన్ డాలర్లు, 2023లో 224.8, 2024లో 255.4. ఇప్పుడు అందులో కష్టమైన భాగానికి వద్దాం, డెడ్ మనీ. జట్టులో లేని ఆటగాడి పేరు మీద క్యాప్‌లో పడే ఖర్చు అది.

సూత్రం ఒకటే. సైనింగ్ బోనస్ డబ్బు ఆటగాడికి ముందే ముడుతుంది, కానీ క్యాప్ లెక్కలో దాన్ని ఒప్పందం ఉన్నన్నేళ్లకీ సమానంగా పంచుతారు, గరిష్ఠంగా ఐదేళ్లకి. మధ్యలో ఆటగాణ్ని వదిలేసినా, వేరే జట్టుకి ఇచ్చేసినా, ఇంకా లెక్కలోకి రాని భాగం ఒక్కసారిగా మీద పడుతుంది. అతని మిగతా ఏళ్ల జీతం మాత్రం, గ్యారంటీ లేనిదైతే, జట్టుకి మిగిలిపోతుంది.

అసలు లెక్క చేద్దాం. డెషాన్ వాట్సన్ అప్పట్లో టెక్సన్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ జట్టు దాడిని నడిపించేవాడు. 2020 సెప్టెంబర్‌లో కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టాడు, సైనింగ్ బోనస్ 27 మిలియన్లు. దాన్ని 2020 నుంచి 2024 దాకా ఐదేళ్లకి పంచితే ఏడాదికి 5.4. కొన్ని నెలలు తిరక్కుండానే తనని వేరే జట్టుకి పంపమని అడిగాడు. ఆ తర్వాత అతని మీద లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలతో 20కి పైగా సివిల్ కేసులు దాఖలయ్యాయి. 2021లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2022 మార్చిలో టెక్సన్స్ అతన్ని క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్‌కి ఇచ్చేసింది. అప్పటికి రెండేళ్ల భాగం లెక్కలోకి వచ్చేసింది, మూడేళ్లది మిగిలింది. మూడు ఐదున్నర్లకి కాస్త తక్కువ: 16.2 మిలియన్లు. 2022 క్యాప్‌లో దాదాపు 8 శాతం, ఆ ఏడాది టెక్సన్స్ చొక్కా తొడుక్కోని మనిషి పేరు మీద.

ఇప్పుడు తేదీ చూడండి. ఆ మొత్తం అంతా 2022లోనే పడింది. 2023కి వాట్సన్ బాకీ సున్నా. జట్టు ఎలాగూ ఓడిపోయే ఏడాదిలోనే చేదంతా మింగేశారు. మీరు ఏ జట్టు ఆఫ్‌సీజన్ చూసినా ముందు వెతకాల్సింది ఇదే: డెడ్ మనీ ఏ ఏడాది పడుతోంది? ఓడిపోయే ఏడాదిలో పడితే తెలివి. గెలవాల్సిన ఏడాదికి తోశారంటే, జట్టు కూర్పు చూసే జనరల్ మేనేజర్ తన ఉద్యోగం కాపాడుకునే పనిలో ఉన్నాడని నాకు అనుమానం వస్తుంది.

తోయడానికి దారి కూడా ఉంది. జూన్ 1 తర్వాత వదిలేస్తే ఆ ఏడాదికి రావాల్సిన భాగం ఆ ఏడాదిలో, మిగతాది వచ్చే ఏడాదిలో పడుతుంది. వార్తల్లో జూన్ 1 అన్న మాట కనపడగానే నోట్‌బుక్‌లో వచ్చే ఏడాది కాలమ్‌లో కూడా ఒక అంకె వేసుకోండి.

పిక్స్ పేజీ

సీజన్‌లో చివరి స్థానంలో ఉన్న జట్టుకే డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశం. కాబట్టి ఓడినా పర్లేదు, మంచి కుర్రాడు దొరుకుతాడని కొత్తగా చూసేవాళ్లు అనుకుంటారు. ఆ పిక్ ఇంకా మీ చేతిలో ఉంటేనే ఆ మాట నిజం.

2019 ఆగస్టు 31న టెక్సన్స్ మయామీ నుంచి లారెమీ టన్సిల్‌ని తెచ్చుకుంది. క్వార్టర్‌బ్యాక్‌కి ఎడమవైపు కాపు కాసే లెఫ్ట్ టాకిల్, నిజంగానే మంచి ఆటగాడు. అతని కోసం ఇచ్చినవాటిలో 2020, 2021 మొదటి రౌండ్ పిక్స్, 2021 రెండో రౌండ్ పిక్ ఉన్నాయి. 2020 సీజన్‌లో టెక్సన్స్ 4 గెలిచి 12 ఓడింది. ఆ ఓటమికి దక్కాల్సిన 3వ పిక్ మయామీ చేతికి వెళ్లింది. 2021 డ్రాఫ్ట్‌లో టెక్సన్స్ మొదటిసారి నోరు విప్పింది 67వ పిక్ దగ్గర, డేవిస్ మిల్స్ అనే క్వార్టర్‌బ్యాక్ కోసం. ఓటమి బాధ వీళ్లది, ప్రతిఫలం పక్కవాళ్లది.

2021 జనవరిలో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ నుంచి జనరల్ మేనేజర్‌గా వచ్చిన నిక్ కసేరియో చేతికి అందిన ఖాతా ఇది. పూడ్చుకోవడానికి దారి వాట్సన్ ట్రేడ్‌లో (జట్ల మధ్య మార్పిడిలో) దొరికింది. బ్రౌన్స్ ఇచ్చినవాటిలో 2022, 2023, 2024 మొదటి రౌండ్ పిక్స్ మూడూ ఉన్నాయి. అంటే మూడేళ్లపాటు టెక్సన్స్‌కి మొదటి రౌండ్‌లో రెండేసి పిక్స్, ఒకటి సొంతం, ఒకటి క్లీవ్‌ల్యాండ్‌ది. బ్రౌన్స్ వాట్సన్‌కి పూర్తి గ్యారంటీతో ఐదేళ్లకి 230 మిలియన్లు ఇచ్చింది. క్రమశిక్షణ చర్య కింద 2022లో 11 మ్యాచ్‌లు అతను బయటే కూర్చున్నాడు.

ఇక 2023 జనవరి 8. ఇండియనాపొలిస్‌లో సీజన్ చివరి మ్యాచ్. అప్పటికి టెక్సన్స్ లెక్క 2 గెలుపు, 13 ఓటమి, ఒక టై. ఇదీ ఓడిపోతే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ వాళ్లదే. ఆ ఊరి జట్టు కోల్ట్స్ ముందంజలో ఉంది, ఆటలో నిమిషం కూడా మిగల్లేదు. నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, ఇంకా 20 గజాలు కావాలి, బంతి 28 గజాల గీత దగ్గర. మిల్స్ బంతిని నేరుగా గోల్ గీత అవతలున్న ఎండ్ జోన్‌లోకి విసిరాడు, జోర్డన్ ఏకిన్స్ పట్టుకున్నాడు. టచ్‌డౌన్. అప్పటికీ ఒక పాయింట్ వెనకే. ఒక పాయింట్ కిక్ కొట్టి మ్యాచ్‌ని అదనపు సమయంలోకి తీసుకెళ్లకుండా రెండు పాయింట్ల ప్రయత్నానికి దిగారు. బంతి మళ్లీ ఏకిన్స్ చేతికే. 32-31తో టెక్సన్స్ గెలిచింది. మొదటి పిక్ షికాగో బేర్స్‌కి వెళ్లిపోయింది, టెక్సన్స్‌కి 2వది మిగిలింది. ఆ రాత్రే హెడ్ కోచ్ లోవీ స్మిత్‌ని తీసేశారు.

ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ఓటమి లాభమైనా, మైదానంలో ఉన్న ఆటగాడు ఓడిపోవడానికి ఆడడు. ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. కావాలని ఓడుతున్నారంటూ సీజన్ చివర్లో వచ్చే కబుర్లన్నీ పట్టించుకోనక్కర్లేదు.

ట్రేడ్‌ని తూకం వేయడం

2023 ఏప్రిల్ 27, కాన్సస్ సిటీలో డ్రాఫ్ట్. మొదటి పిక్‌ని షికాగో దగ్గర ముందే కొనుక్కున్న కరోలైనా పాంథర్స్, క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌ని తీసుకుంది. రెండో పిక్‌లో టెక్సన్స్ ఒహాయో స్టేట్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్‌ని తీసుకుంది. తర్వాతి పిక్ అరిజోనా కార్డినల్స్‌ది. ఆ వంతు రాగానే తెర మీద జట్టు పేరు మారింది, మళ్లీ టెక్సన్స్! అలబామా యూనివర్సిటీ డిఫెన్సివ్ ఎండ్ (ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాడు) విల్ ఆండర్సన్‌ని తీసుకున్నారు. వరసగా రెండు, మూడు పిక్స్ ఒకే జట్టుకి.

దానికి ఎంత ఇచ్చారో మీరే తూచండి. 1990ల తొలినాళ్లలో డల్లాస్ కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ కాలంలో తయారైన పాయింట్ల పట్టిక ఒకటుంది. ఇప్పుడు ఒక్కో జట్టూ సొంత పట్టిక వాడుతుంది కానీ, నేర్చుకోవడానికి పాతదే మేలు. అందులో 1వ పిక్ 3000 పాయింట్లు, 2వది 2600, 3వది 2200, 12వది 1200, 33వది 580, 105వది 84.

అరిజోనా ఇచ్చింది 3వ పిక్, 105వ పిక్: మొత్తం 2284. టెక్సన్స్ అప్పటికప్పుడు ఇచ్చింది 12, 33: మొత్తం 1780. తేడా 504. దాన్ని పూడ్చడానికి 2024 మొదటి రౌండ్, మూడో రౌండ్ పిక్స్ ఇచ్చారు. వచ్చే ఏడాది పిక్‌ని ఒక రౌండ్ కిందికి దించి లెక్కపెట్టడం వాడుక. అంటే 2024 మొదటి రౌండ్ పిక్‌ని ఇప్పటి రెండో రౌండ్ పిక్ అనుకోవాలి. అది బాగా పైన ఉంటే 33వ పిక్‌తో సమానం, 580. మూడో రౌండ్ పిక్‌ని నాలుగో రౌండ్ కింద లెక్కేస్తే మరో 100 చిల్లర. పట్టిక ప్రకారం టెక్సన్స్ కొంచెం ఎక్కువే పెట్టింది.

ఇక్కడితో ఆగిపోతే పాఠం సగమే. 12వ పిక్ ఎక్కడిది? వాట్సన్ ట్రేడ్‌లో క్లీవ్‌ల్యాండ్ ఇచ్చింది. 2024కి టెక్సన్స్ దగ్గర మొదటి రౌండ్ పిక్స్ రెండున్నాయి, సొంతదీ క్లీవ్‌ల్యాండ్‌దీ. అరిజోనాకి ఇచ్చింది సొంతది. మూడు గెలుపుల జట్టు తన సొంత పిక్ ఇచ్చేసి, పక్కవాళ్లది దాచుకుందంటే అర్థం ఏమిటి? వచ్చే ఏడాది మేం అడుగున ఉండం అని పందెం కాసింది. పందెం తప్పితే 2024 మొదటి పిక్ కూడా పోగొట్టుకున్న జట్టయ్యేది, 2021 కథే మళ్లీ. అయినా పూర్తిగా చేతులు ఖాళీ కాకుండా క్లీవ్‌ల్యాండ్ పిక్ ఉంది.

పందెం నెగ్గింది. టెక్సన్స్ 10 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. 2024 జనవరి 13న ఎన్ఆర్‌జీ స్టేడియంలో వాళ్లకి ఎదురైంది ఎవరో కాదు, క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్సే. గాయంతో వాట్సన్ ఆ మ్యాచ్‌లో లేడు. 45-14తో టెక్సన్స్ గెలిచింది. తర్వాతి మ్యాచ్‌లో బాల్టిమోర్ చేతిలో ఓడింది. అరిజోనాకి చేరిన సొంత పిక్ చివరికి 27వది అయింది.

క్లీవ్‌ల్యాండ్ పిక్స్ అన్నీ బంగారం కాలేదు, అదీ రాసుకోండి. 2022లో వచ్చిన 13వ పిక్‌ని ఫిలడెల్ఫియాతో మార్చుకుని, 15వ పిక్‌లో కెన్యన్ గ్రీన్ అనే గార్డ్‌ని తీసుకున్నారు. గాయంతో అతను 2023 సీజన్ మొత్తం ఆడలేదు, ఆ తర్వాతా నిలదొక్కుకోలేదు. మంచి జనరల్ మేనేజర్ చేసే ఎంపికలు కూడా చాలానే తప్పుతాయి. అందుకే పిక్స్ ఎక్కువ ఉండాలి. డ్రాఫ్ట్ మర్నాడే టీవీల వాళ్లు ఏ ప్లస్, బీ మైనస్ అంటూ ఇచ్చే గ్రేడ్లు నేనైతే చదవను.

మనుషుల పేజీ

టెక్సన్స్‌కి 2021లో డేవిడ్ కలీ హెడ్ కోచ్, 2022లో లోవీ స్మిత్, 2023లో డెమీకో రయన్స్. మూడేళ్లలో ముగ్గురు. రయన్స్ 2006లో ఇదే టెక్సన్స్ డ్రాఫ్ట్ చేసిన లైన్‌బ్యాకర్. తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో 49ర్స్‌కి డిఫెన్సివ్ కోఆర్డినేటర్ అయ్యాడు. వస్తూ అక్కడి నుంచి బాబీ స్లోవిక్‌ని ఆఫెన్స్ నడపడానికి, జిమ్మీ వార్డ్‌ని డిఫెన్స్‌లో ఆడటానికి తెచ్చుకున్నాడు. కొత్త కోచ్ రాగానే చూడాల్సింది ఇదే: తన పద్ధతి తెలిసినవాళ్లని ఎంతమందిని వెంట తెచ్చుకున్నాడు? వాళ్లు మైదానంలో రెండో కోచ్‌ల్లాగా పనికొస్తారు.

ఆ మార్చిలో వచ్చిన మిగతా సీనియర్ల ఒప్పందాల తేదీలు చూడండి. టైట్ ఎండ్ డాల్టన్ షుల్ట్జ్ ఒక ఏడాది. రన్నింగ్ బ్యాక్ డెవిన్ సింగిల్టరీ ఒక ఏడాది. డిఫెన్సివ్ టాకిల్ షెల్డన్ రాంకిన్స్ ఒక ఏడాది. కుర్రాళ్లు కుదురుకునేదాకా బండి నడవాలి, ఆ తర్వాత బాకీ మిగలకూడదు. సుదీర్ఘ ఒప్పందం దక్కింది టన్సిల్‌కి, మూడేళ్లకి 75 మిలియన్లు. కొత్త క్వార్టర్‌బ్యాక్ వస్తున్నాడంటే ముందు అతని వీపు కాచేవాణ్ని కట్టేసుకోవాలి కదా.

స్ట్రౌడ్ ఒప్పందం నాలుగేళ్లకి సుమారు 36 మిలియన్లు. అదే ఏడాది సెప్టెంబర్‌లో సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ జో బరో ఐదేళ్లకి 275 మిలియన్ల ఒప్పందం చేసుకున్నాడు. సగటున ఒకరికి ఏడాదికి 9, మరొకరికి 55. మధ్యలో ఉన్న 46 మిలియన్లతో ఇద్దరు ముగ్గురు స్టార్లని కొనొచ్చు. టెక్సన్స్ 2023లో కొనలేదు. స్ట్రౌడ్ ఎలాంటివాడో తేలాక, 2024 మార్చిలో డిఫెన్సివ్ ఎండ్ డేనియల్ హంటర్‌కి రెండేళ్లకి 49 మిలియన్లిచ్చింది. ఆ తర్వాత రిసీవర్ స్టెఫాన్ డిగ్స్‌ని తెచ్చింది. నన్నడిగితే కసేరియో చేసిన పనులన్నిటిలో ఆ ఏడాది ఓపికే గొప్పది. అభిమానులు ఊరుకోని ఉద్యోగంలో చేతిలో డబ్బు పెట్టుకుని కొనకుండా కూర్చోవడం మాటలు కాదు.

ఆగస్టు సంగతి క్లుప్తంగా. క్యాంప్‌లో 90 మంది ఉంటారు, సీజన్‌కి ముందు 53కి తగ్గించాలి. 2023లో గడువు ఆగస్టు 29. ఓడిన జట్టుకి ఆ రోజు పండగే. వేరే జట్లు వదిలేసినవాళ్లని వేవర్స్‌లో ముందు అడిగే హక్కు అడుగు జట్లదే. దీని మీద వచ్చే పాఠం మొత్తం ఉంటుంది.

ఇదే పద్ధతిలో ఇంకో జట్టు

కరోలైనా కూడా అదే వసంతంలో అదే పని చేసింది. పాత కోచ్‌ని మార్చి ఫ్రాంక్ రైక్‌ని తెచ్చింది, క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంది. మొదటి పిక్ కోసం షికాగోకి 9వ పిక్, 61వ పిక్, 2024 మొదటి రౌండ్, 2025 రెండో రౌండ్, వీటికి తోడు తమ మేటి రిసీవర్ డీజే మూర్‌ని ఇచ్చేసింది.

మీ పేజీల్లో రాసి చూడండి. సొంత 2024 మొదటి రౌండ్ పిక్ ఇచ్చింది, టెక్సన్స్ లాగే. కానీ బదులుగా ఇంకో జట్టు పిక్ దాచుకోలేదు. పైగా కొత్త క్వార్టర్‌బ్యాక్ ఎవరికి బంతి విసరాలో, ఆ మనిషినే పంపేసింది. సీజన్ మొదలవకముందే ఈ రెండు విషయాలూ కాగితం మీద కనపడుతున్నాయి. 2023లో పాంథర్స్ 2 గెలిచి 15 ఓడింది. రైక్‌ని నవంబర్ 27న, సీజన్ మధ్యలోనే తీసేశారు. ఆ ఓటములకి దక్కిన 2024 మొదటి పిక్ షికాగో చేతికి పోయింది. దాంతో బేర్స్ కేలబ్ విలియమ్స్‌ని తీసుకుంది. తమాషా ఏమిటంటే, పాంథర్స్ గెలిచిన ఆ రెండింటిలో మొదటిది టెక్సన్స్ మీదే, అక్టోబర్ 29న, 15-13తో. ఒక్క మ్యాచ్ చూసి ఏ జట్టు బాగా కట్టుకుందో చెప్పబోతే ఇలాగే ఉంటుంది.

అభ్యాసం

మొదటిది. ఒక ఆటగాడికి నాలుగేళ్లకి 40 మిలియన్లు. అందులో సైనింగ్ బోనస్ 20, మిగతా 20 జీతం, ఏడాదికి 5 చొప్పున, గ్యారంటీ లేదు. రెండేళ్లు ఆడాక మార్చిలో వదిలేస్తే ఆ ఏడాది డెడ్ మనీ ఎంత? క్యాప్‌లో నిజంగా ఎంత మిగిలింది? జూన్ 1 తర్వాత వదిలేస్తే రెండేళ్లలోనూ లెక్క ఎలా మారుతుంది? రెండో ప్రశ్నకి జవాబు చూసి కంగారుపడకండి, సున్నా వస్తే సరిగ్గా చేసినట్టే.

రెండోది. వాషింగ్టన్ కమాండర్స్. 2023 అక్టోబర్ 31న, సీజన్ మధ్యలో, డిఫెన్సివ్ ఎండ్‌లు ఇద్దరినీ అమ్మేసింది: మాంటెజ్ స్వెట్‌ని షికాగోకి రెండో రౌండ్ పిక్‌కి, చేజ్ యంగ్‌ని శాన్ ఫ్రాన్సిస్కోకి మూడో రౌండ్ పిక్‌కి. ఆ సీజన్‌లో 4 గెలిచింది, తర్వాతి సీజన్‌లో 12. స్వెట్‌కి వచ్చిన ఆ రెండో రౌండ్ పిక్ 2024లో 40వదైంది. దాన్ని వాషింగ్టన్ అలాగే వాడుకుందా, మార్చుకుందా? ఎవరితో, దేనికి? పై పట్టికలో 40వ పిక్ 500, 50వది 400, 53వది 370 పాయింట్లు. గొలుసు చివరిదాకా పట్టుకుని, ప్రతి పేరు పక్కన ఒప్పందం ముగిసే ఏడాది రాసుకుని ఉంచండి, వచ్చే పాఠంలో 53 మంది జాబితాకి అదే కాగితం కావాలి.